కంటి కింద వాపు, పంటి కింద చీము

కుక్కకు ఉన్నట్టుండి కంటి కింద వాపు వస్తుంది. రెండు రోజుల్లో పగిలి చీము, నెత్తురు కారతాయి. తేనెటీగ కుట్టిందనో, వీధి కుక్క కరిచిందనో, కంట్లో ఏదో పడిందనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు. యాంటీబయాటిక్ వాడితే వారంలో పుండు మానిపోతుంది. నెలా రెండు నెలలు గడిచాక అదే చోట మళ్లీ వాపు, మళ్లీ అదే మందు. ఇలా మూడు నాలుగు విడతలయ్యాక ఎవరో పెదవి పైకెత్తి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పై దవడలో అన్నిటికన్నా పెద్ద పన్ను నిలువునా చిట్లి ఉంటుంది.

ఆ పన్నుకు మూడు వేర్లుంటాయి. వాటి కొసలు కంటికి కాస్త దిగువన, దవడ ఎముకలో ఉంటాయి. పన్ను చిట్లి లోపలి గుజ్జు బయటపడితే నోట్లోని సూక్ష్మజీవులు ఆ దారినే వేరు కొస దాకా దిగుతాయి. అక్కడ చీముగడ్డ కడుతుంది, అది చర్మాన్ని చీల్చుకుని కంటి కింద తేలుతుంది. మందుతో చీము అణగవచ్చు. పాడైన పన్ను అక్కడే ఉన్నంతకాలం మళ్లీ ఊరుతూనే ఉంటుంది. ఆ పన్ను తీసేయాలి, లేదా రూట్ కెనాల్ చేయాలి. మూడో దారి లేదు.

పెంపుడు జంతువుల దంత వైద్యం చుట్టూ ఉన్న గందరగోళానికి చాలావరకు కారణం ఇదే. జబ్బు ఉండేది చిగురు కింద, ఎముకలో. మనం చూసేది చిగురు పైన కనిపించే తెలుపును. పళ్లు తెల్లగా చేయించడం వేరు, నోటికి వైద్యం చేయించడం వేరు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్ల ఎన్నో కుక్కలు, పిల్లులు ఏళ్ల తరబడి నొప్పిని మోస్తూ బతుకుతున్నాయి.

పుచ్చుపళ్లు కాదు, చిగుళ్ల జబ్బు

పంటి నొప్పి అనగానే మనకు పిప్పిపన్ను గుర్తొస్తుంది. కుక్కల్లో పళ్లు పుచ్చడం అరుదు, పిల్లుల్లో దాదాపు కనిపించదు. కుక్క లాలాజలానికి మన లాలాజలం కన్నా క్షారగుణం ఎక్కువ కాబట్టి పళ్లను తినేసే ఆమ్లం అంతగా నిలవదు. అదే గుణం మరోవైపు చేటు చేస్తుంది. పంటి మీద చేరిన పాచి గట్టిపడి గారగా మారడానికి అది దోహదపడుతుంది. పన్ను శుభ్రం చేసిన కొన్ని గంటల్లోనే పాచి పేరుకోవడం మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో లాలాజలంలోని ఖనిజాలు చేరి అది రాయిలా బిగుసుకుంటుంది. మూడేళ్లు నిండేసరికి ఎక్కువ శాతం కుక్కల్లో, పిల్లుల్లో చిగుళ్ల జబ్బు ఏదో ఒక స్థాయిలో ఉంటుంది.

పసుపుపచ్చని గార చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ, అసలు నష్టం చేసేది అది కాదు. చిగురు అంచు దాటి లోపలికి దిగిన సూక్ష్మజీవులు, వాటితో పోరాడే క్రమంలో ఒంటికి పుట్టే వాపు కలిసి పంటిని పట్టి ఉంచే కణజాలాన్ని, ఎముకను కరిగిస్తాయి. మొదటి దశలో చిగురు అంచు ఎర్రబడుతుంది, బ్రష్ తగిలితే నెత్తురొస్తుంది. ఇక్కడ పట్టుకుంటే పూర్తిగా నయమవుతుంది. రెండో దశ నుంచి పంటి ఆధారం కరగడం మొదలవుతుంది. పావు వంతు లోపు పోతే రెండో దశ, సగం దాకా పోతే మూడోది, సగం దాటితే నాలుగోది. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు. అందుకే డాక్టరు సన్నని కొలత పుల్లతో ప్రతి పంటి చుట్టూ చిగురు లోతు చూస్తారు. కుక్కలో 3 మిల్లీమీటర్ల వరకు, పిల్లిలో ఒక మిల్లీమీటరు వరకు మామూలే. అంతకు మించి పుల్ల లోపలికి దిగితే అక్కడ గొయ్యి పడినట్టే.

గుండె, మూత్రపిండాల జబ్బులకు చిగుళ్ల జబ్బుతో సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించింది. ఒకటి రెండోదానికి కారణమని మాత్రం రుజువు కాలేదు. "పళ్లు శుభ్రం చేయించకపోతే గుండె ఆగిపోతుంది" అని భయపెట్టేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు. నొప్పి ఒక్కటి చాలు వైద్యం చేయించడానికి.

ఆ నొప్పి బయటికి తెలియకపోవడమే చిక్కు. "బాగానే తింటోంది కదా" అనేది ప్రతి ఇంట్లో వినిపించే మాట. కుక్కలు చాలావరకు నమలకుండానే మింగుతాయి. నోరంతా చీము పట్టినా పెరుగన్నం గిన్నె ఖాళీ చేసేస్తాయి. ఒకవైపే నమలడం, ముద్ద నోట్లోంచి జారిపోవడం, ఇష్టమైన బొమ్మను వదిలేయడం, మూతిని నేలకేసి రాయడం, తల నిమరబోతే పక్కకు తప్పుకోవడం లాంటివి చూడాలి. నోటి కంపు కుక్కలకు సహజమని అనుకోవడం పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న నోరు అంత దుర్వాసన కొట్టదు.

మత్తు లేకుండా స్కేలింగ్

నగరాల్లో గ్రూమింగ్ సెంటర్లు మత్తు లేకుండానే పళ్లు శుభ్రం చేస్తామంటున్నాయి. ఖర్చు తక్కువ, భయం లేదు, అరగంటలో పళ్లు తళతళలాడతాయి. జంతువును గట్టిగా పట్టుకుని, కనిపించే గారను పరికరంతో గీకేస్తారు. చిగురు కిందికి, పంటి లోపలి వైపుకు పరికరం వెళ్లనే వెళ్లదు. మెలకువగా ఉన్న కుక్క అంత పదునైన దాన్ని అక్కడికి రానివ్వదు. గోడలోపల చెమ్మ అలాగే ఉంచి పైన సున్నం కొట్టినట్టు ఉంటుందీ పని. పైగా గీకినచోట పన్ను గరుకుదేలి పాచి మరింత త్వరగా పడుతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, పళ్లు తెల్లగా ఉన్నాయన్న ధీమాతో యజమాని ఇంకో రెండేళ్లు డాక్టరు మొహం చూడడు. జంతు దంత వైద్య నిపుణుల సంస్థ అయిన అమెరికన్ వెటర్నరీ డెంటల్ కాలేజీ ఈ పద్ధతిని వ్యతిరేకిస్తోంది. వరల్డ్ స్మాల్ యానిమల్ వెటర్నరీ అసోసియేషన్ 2020లో వెలువరించిన దంత వైద్య మార్గదర్శకాలదీ అదే మాట. నా అభిప్రాయం కూడా అంతే. డబ్బు తక్కువైతే ఈ స్కేలింగ్ మానేసి, ఆ డబ్బును అసలు పరీక్షకు దాచడం మేలు.

మత్తు అంటే ఉన్న భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. బ్రిటన్‌లో సుమారు 98 వేల కుక్కలు, 79 వేల పిల్లుల లెక్కలు తీసి 2008లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తుకు సంబంధించిన మరణాలు 0.05 శాతం, అంటే దాదాపు 1,850కి ఒకటి. పిల్లుల్లో 0.11 శాతం, 900కు ఒకటి చొప్పున. అప్పటికే జబ్బుతో ఉన్నవాటిలో అయితే రెండింటిలోనూ ఒక శాతం దాటింది. అవి ఆ దేశపు ఆస్పత్రుల లెక్కలు, మన ఊరి క్లినిక్‌కు అచ్చంగా అతకవు. అయినా ఒక సంగతి తెలుస్తోంది. ముదిరిన జబ్బు ప్రమాదాన్ని బాగా పెంచుతుంది. "ముసలిదైపోయింది, మత్తు తట్టుకోలేదు" అని ఏటేటా వాయిదా వేస్తే, చివరికి తప్పనిసరై చేసే నాటికి ప్రమాదం ఇంకా పెరిగి ఉంటుంది. ఆ అధ్యయనంలోనే మరో విషయం ఉంది. చనిపోయిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో సగానికి పైగా ఆపరేషన్ అయ్యాక, కోలుకునే దశలో పోయాయి. వాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోనే.

కాబట్టి డాక్టరును అడగాల్సినవి అడగండి, మొహమాటం వద్దు. ముందుగా రక్తపరీక్ష, మూత్రపిండాలు, కాలేయం పనితీరు చూస్తారా? గొంతులో ట్యూబు వేస్తారా? అది లేకుండా స్కేలింగ్ చేస్తే పరికరం చిమ్మే నీరు, గార ముక్కలు, సూక్ష్మజీవులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సెలైన్ ఎక్కిస్తారా, ఒళ్లు చల్లబడకుండా వెచ్చగా ఉంచుతారా? గుండె, శ్వాస, ఆక్సిజన్ గమనిస్తూ విడిగా ఒక మనిషి ఉంటారా? పూర్తిగా లేచి నిలబడేదాకా చూసేదెవరు? పగ్, షిట్జూ, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి దారి ఇరుకు కాబట్టి ఈ చివరి ప్రశ్న వాటికి మరీ ముఖ్యం.

పెద్ద పన్ను ఎలా తీస్తారు

మొదట్లో చెప్పిన ఆ పన్ను దగ్గరికే వద్దాం. డాక్టరు చీటీలో దాన్ని 108 అనో 208 అనో రాస్తారు. నోటిని నాలుగు భాగాలు చేసి, కుడి పై దవడకు 100, ఎడమ పై దవడకు 200, ఎడమ కింది దవడకు 300, కుడి కింది దవడకు 400 వరుస ఇచ్చి, ముందు నుంచి వెనక్కి పళ్లను లెక్కపెడతారు. కోరపన్ను ఎప్పుడూ 04. కుక్కకు మొత్తం 42 పళ్లు, పిల్లికి 30.

మత్తిచ్చి ట్యూబు వేశాక ముందు నోటి ఎక్స్‌రే తీస్తారు. వేరు కొస చుట్టూ ఎముక కరిగి ఉంటే ఫిల్మ్ మీద నల్లటి నీడ కనిపిస్తుంది. తర్వాత నరానికి స్థానికంగా మత్తు సూది వేస్తారు. మొత్తంగా మత్తు ఇచ్చాక మళ్లీ ఇదెందుకని అనిపించవచ్చు. దీనివల్ల గాలిలో ఇచ్చే మత్తు మోతాదు తగ్గించవచ్చు, లేచాక కొన్ని గంటలు నొప్పి తెలియదు.

అప్పుడు అసలు పని. పంటి పైన చిగురును కోసి రెక్కలా పైకి లేపుతారు. వేర్లను కప్పిన పలుచటి ఎముకను డ్రిల్లుతో కొంత తొలుస్తారు. మూడు వేర్లూ మూడు దిక్కులకు విచ్చుకుని ఉంటాయి కాబట్టి పన్నును ఒక్కటిగా లాగితే రాదు, విరుగుతుంది. అందుకని పన్నును మూడు ముక్కలుగా కోసి, ఒక్కో వేరుకు ఒక్కో ముక్క మిగిలేలా చేస్తారు. ఎలివేటర్ అనే సన్నని పనిముట్టును వేరుకూ ఎముకకూ మధ్య జొనిపి, మెల్లగా తిప్పి, కొన్ని సెకన్లు అలాగే పట్టి ఉంచుతారు. పంటిని ఎముకకు కట్టి ఉంచిన పోగులు అలసి తెగాలి. ఇక్కడ తొందరపడితే వేరు కొస లోపలే విరిగిపోతుంది. పనిముట్టు జారితే కన్ను పక్కనే ఉంది. మూడు వేర్లూ వచ్చాక గుంతను శుభ్రం చేసి, ఎముక అంచులు నున్నగా చేసి, చిగురు రెక్కను బిగువు లేకుండా దించి, కరిగిపోయే దారంతో కుట్లు వేస్తారు. మళ్లీ ఎక్స్‌రే తీసి ఏ ముక్కా మిగల్లేదని చూసుకుంటారు.

దంతాల బిల్లు ఎందుకంత అవుతుందో ఈ వరుస చూస్తే తెలుస్తుంది. మన దగ్గర అన్ని క్లినిక్‌లలో దంత ఎక్స్‌రే ఉండదు. చిన్న పట్టణాల్లో ఉన్నవాళ్లకు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల అనుబంధ ఆస్పత్రుల శస్త్రచికిత్స విభాగాలను సంప్రదించే వీలుంది.

"పన్ను పోతే ఎలా తింటుంది పాపం" అని చాలామంది వెనకాడతారు. ఇంట్లో కుక్కకు వేటాడే పనిలేదు. మెత్తగా ఉడికించిన అన్నం, చికెన్ తినడానికి ఆ పన్ను అక్కర్లేదు. నొప్పి పెట్టే పన్నుతోనే దానికి తిండి కష్టం.

పిల్లుల సంగతి

పిల్లుల్లో మనకు అలవాటులేని జబ్బు ఒకటుంది. ఒంట్లోని కణాలే పంటిని కరిగించేస్తాయి. ఎందుకలా జరుగుతుందో ఇంతవరకు తేలలేదు. పెద్ద వయసు పిల్లుల్లో ఇది చాలా సాధారణం. ఎక్కువగా కింది దవడలో నమిలే పళ్ల వరుసలోని మొదటి పన్నుతో మొదలవుతుంది. చిగురు పంటి మీదికి పాకినట్టు చిన్న ఎర్రటి మచ్చ కనిపిస్తుంది, అంతే. దాన్ని తాకితే మత్తులో ఉన్న పిల్లికి కూడా దవడ టకటక వణుకుతుంది. అంత నొప్పి. ఫిల్లింగ్ పెడితే నిలవదు, కింద పన్ను కరుగుతూనే ఉంటుంది. వేర్లు గట్టిగా ఉంటే పన్నును మొత్తం తీయాలి. వేర్లు అప్పటికే ఎముకగా మారిపోతుంటే పైభాగం కోసి చిగురు మూసేస్తే చాలు. ఏది చేయాలో కంటితో తేల్చలేరు, ఎక్స్‌రేనే చెప్పాలి.

రెండోది మరీ క్రూరమైన జబ్బు. నోటి వెనక భాగం, చిగుళ్లు పచ్చిపుండులా ఎర్రగా ఉబ్బిపోతాయి. ఆకలితో గిన్నె దగ్గరికి పరుగున వచ్చిన పిల్లి ఒక్క ముద్ద నోట పెట్టగానే బుస్సుమని వెనక్కి దూకుతుంది. ఒళ్లు నాక్కోవడం మానేస్తుంది, బొచ్చు జడలు కడుతుంది, చొంగ కారుతుంది. పిల్లులకు సోకే క్యాలిసీ వైరస్‌కు దీనితో సంబంధం ఉంది. పంటి మీది పాచికి ఒళ్లు అతిగా స్పందించడం వల్ల మంట చల్లారదు. ఏళ్ల తరబడి స్టెరాయిడ్లతో నెట్టుకురావడం కన్నా నమిలే పళ్లన్నీ, అవసరమైతే మొత్తం పళ్లు తీసేయడమే ఇప్పటికి తెలిసిన మంచి చికిత్స. మూడింట రెండొంతుల పిల్లుల్లో జబ్బు బాగా తగ్గుతుంది, లేదా పూర్తిగా పోతుంది. మిగతావాటికి తర్వాత కూడా మందులు కావాలి. పళ్లన్నీ తీసేయమంటే ప్రాణం విలవిల్లాడుతుంది, నిజమే. కానీ పళ్లు లేని పిల్లి మెత్తటి తిండి హాయిగా తిని, మళ్లీ తన ఒళ్లు తాను నాక్కుంటుంది.

పిల్లికి ఆపరేషన్ చేసేటప్పుడు నోరు బార్లా తెరిచి స్ప్రింగు క్లిప్పు పెట్టడం మంచిది కాదు. దవడ అతిగా తెరుచుకుంటే మెదడుకు వెళ్లే రక్తనాళం నొక్కుకుపోయి, లేచాక చూపు పోయిన పిల్లులున్నాయి. ఈ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవచ్చు.

చిన్న జాతులు, పెద్ద ఎముకలు

పోమెరేనియన్ లాంటి చిన్న కుక్కలకు ఆరేడు నెలలు వచ్చినా పాల కోరపళ్లు ఊడకుండా, పక్కనే కొత్త కోరలు వచ్చేస్తాయి. రెండింటి సందులో వెంట్రుకలు, తిండి ఇరుక్కుని చిగురు చిన్నప్పుడే పాడవుతుంది. కొత్త పన్ను వంకర పోయి అంగిట్లో గుచ్చుకోవచ్చు కూడా. ఒకే చోట రెండు పళ్లు కనిపిస్తే ఆగకుండా చూపించాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఆ వయసులోనే అనుకుంటే, ఆ మత్తులోనే పాలపన్ను తీయించవచ్చు. ఈ జాతుల్లో కింది దవడ సన్నం, పంటి వేరు పెద్దది. చిగుళ్ల జబ్బుతో ఎముక కరిగితే సోఫా మీంచి దూకినా దవడ విరగవచ్చు. పై కోర చుట్టూ ఎముక పోతే ముక్కులోకి రంధ్రం పడుతుంది. ముక్కు ఒకవైపే కారడం, నీళ్లు తాగాక తుమ్మడం దాని గుర్తులు.

పళ్లు విరగడానికి మాత్రం చాలావరకు మనమే కారణం. మటన్ తిన్న రోజు ఎముకలు కుక్కకు వేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది, గట్టి ఎముక పన్నును చీలుస్తుంది. దుకాణాల్లో అమ్మే గిట్టలు, కొమ్ములు కూడా అంతే. గోరుతో నొక్కితే కాస్తయినా లొంగనిది ఏదీ కుక్క పళ్లకు మంచిది కాదు.

ఎముక ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. కుక్క నోరు మూయలేక, మింగలేక చొంగ కారుస్తుంటే గొంతులో ఎముక ఇరుక్కుందని చేయి పెట్టేస్తారు. అంగిట్లో ఎముక అడ్డంగా ఇరుక్కోవడం జరిగేదే. కానీ దవడ పక్షవాతం రేబిస్ లక్షణం కూడా. ముఖ్యంగా టీకా వేయించని కుక్క, వీధి నుంచి తెచ్చిన పిల్ల అయితే నోట్లో చేయి పెట్టకండి. ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి, సంగతి చెప్పి తీసుకెళ్లండి. ఇప్పటికే చేయి పెట్టి ఉంటే వెంటనే సబ్బుతో పావుగంట కడిగి మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంట్లో చేయగలిగింది

రోజూ బ్రష్ చేయడాన్ని మించింది లేదు. పాచి గట్టిపడేలోపు తుడిచేయడమే దాని రహస్యం. వారానికోసారి చేస్తే పెద్దగా ఫలితం ఉండదు. మొదటి వారం బ్రష్ వద్దు. ఉల్లి, వెల్లుల్లి వేయకుండా చికెన్ ఉడికించిన నీళ్లలో వేలు ముంచి చిగుళ్ల మీద రాయండి. తర్వాత వేలికి గాజుగుడ్డ, ఆ తర్వాత చంటిపిల్లల మెత్తటి బ్రష్. నోరు తెరిపించే పనిలేదు, పెదవి కింద నుంచి బుగ్గ వైపు రుద్దితే చాలు. కుక్కపిల్లలకు, పిల్లి కూనలకు కొత్త పళ్లు వస్తున్నప్పుడు, అప్పటికే చిగుళ్లు నొప్పిగా ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. బ్రష్ అంటేనే బెదిరిపోతాయి.

మన టూత్‌పేస్ట్ వాడొద్దు. జంతువులు ఉమ్మేయలేవు, ఫ్లోరైడ్ కడుపులోకి పోతుంది. కొన్ని పేస్టుల్లో, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పంటి నొప్పికి మనం వాడే లవంగనూనె పిల్లులకు హాని. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ వేస్తే పిల్లికి ఒక్క మాత్రే ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తుంది. నమిలే బిస్కెట్లు, నీళ్లలో కలిపే మందులు కొనేటప్పుడు వెటర్నరీ ఓరల్ హెల్త్ కౌన్సిల్ ముద్ర ఉందేమో చూడండి. పాచి గానీ గార గానీ తగ్గిస్తాయని పరీక్షల్లో తేలినవాటికే ఆ ముద్ర ఇస్తారు. మామూలు డ్రై ఫుడ్ తింటే పళ్లు శుభ్రమవుతాయన్న మాట మాత్రం నమ్మకండి. గుళిక పంటి కొస తగలగానే పగిలిపోతుంది, చిగురు అంచుకు చేరదు.

పన్ను తీయించాక ఒకరోజు లాలాజలంలో కాస్త నెత్తురు కనిపించడం మామూలే. రెండు వారాలు మెత్తటి తిండి పెట్టాలి, తాడు బొమ్మలు దాచేయాలి, డాక్టరు రాసిన నొప్పి మందు ఆపకుండా వాడాలి. పదీ పద్నాలుగు రోజులకు కుట్లు చూపించి, చిగురు మానిందని చెప్పాకే బ్రష్ మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ కనబడని జంతువులకైతే పిల్లులకు, చిన్న జాతి కుక్కలకు ఏడాది వయసు నుంచి, పెద్ద జాతులకు రెండేళ్ల నుంచి, మత్తిచ్చి చేసే ఈ పూర్తి దంత పరీక్షను డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టించండి. ఏటా టీకాకు తీసుకెళ్లినప్పుడు పెదవి ఎత్తి చూడమని మీరే అడగండి.